అవి నా జుబ్బాలు

పోయిన నెల మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఉయ్యాల ఇంకా అటక మీదే ఉందా?" అని అడిగాడు. వాడికి కూతురు పుట్టి అప్పటికి తొమ్మిది రోజులు. వాళ్ళుండే అపార్ట్‌మెంట్‌లో దూలమూ లేదు, కొక్కెమూ లేదు. అయినా అడిగాడు. ఉందిరా, ఎక్కడికి పోతుంది అన్నాను.

ఫోన్ పెట్టేసి, పక్కింటి కుర్రాణ్ణి పిలిచి నిచ్చెన వేయించాను. ఉయ్యాలతో పాటు ఆకుపచ్చ ట్రంకు పెట్టె కూడా దిగింది. మూత తియ్యగానే గుప్పున కలరా ఉండల వాసన, దాని వెనకాల ఎండిన వేపాకు వాసన. ఆ సాయంత్రం ఇంక నాకు వేరే పని జరగలేదు.

ఆ ఉయ్యాల మా ఆయన కోసం 1962లో మా మామయ్యగారు చేయించింది. అమలాపురం దగ్గర మా ఊళ్ళో పెరట్లో పడిపోయిన పనస చెట్టుని కోయించి, వడ్రంగిని ఇంటికి పిలిపించి చేయించారట. నాలుగు మూలలా ఇత్తడి గంటలు, మధ్యలో నాలుగు రంగుల చెక్క చిలకలు. ఒక పక్క కమ్మీ మీద చిన్న చిన్న పళ్ళ గాట్లు ఉన్నాయి. అవి మా ఆయనవో, మా బావగారి పిల్లలవో, నా పిల్లలవో తెలియదు. తుడిచినప్పుడల్లా వాటి మీద వేలు ఆగుతుంది.

మా అమ్మాయి 1993 మార్చిలో మా పుట్టింట్లో, నరసాపురంలో పుట్టింది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ కోసం ఏదీ కొనకూడదనే పట్టింపు మా రెండిళ్ళలోనూ ఉంది. అందుకని పుట్టే రోజుకి సిద్ధంగా ఉన్నవన్నీ పాత గుడ్డలే. మామయ్యగారి మల్లు పంచెలు చింపి, అంచులు కుట్టి, వేడినీళ్ళలో ఉడకబెట్టి ఎండేసిన పొత్తిగుడ్డలు. మా అమ్మ పాత చీర మడతలు వేసి కుట్టిన బొంత. మా అమ్మ చేత్తో అల్లిన తెల్ల లేసు టోపీ ఒకటి. నరసాపురం వైపు ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళు క్రోషియా సూదితో లేసు అల్లుతూ కనిపిస్తారు. ఎక్కడెక్కడికో ఎగుమతయ్యే లేసు అది. మా అమ్మ కూడా ఆ కూలికి ఎన్నో అల్లింది గానీ, మనవరాలి టోపీ మాత్రం రాత్రిళ్ళు పని అంతా అయ్యాక లాంతరు దగ్గర కూర్చుని అల్లింది.

అయిదో నెలలో పిల్లని తీసుకుని నరసాపురం దగ్గర పంటు ఎక్కి, గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగి అత్తవారింటికి వచ్చాను. నేను వచ్చేసరికే మా తోటికోడలు తన ఇద్దరు మగపిల్లల బట్టలు ఒక సంచీ నిండా పంపింది. చొక్కాలు, నిక్కర్లు, జుబ్బాలు, నీలం గీతల టోపీ. అవన్నీ మా అమ్మాయికి తొడిగాను. వీధిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా, "మగపిల్లాడిలా ఎంత హుషారుగా ఉందో" అని మురిసిపోయారు. ఈ సంగతి ఎందుకు గుర్తుపెట్టుకున్నానో తర్వాత చెప్తాను.

ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. అమలాపురంలో మూడు వందల యాభై రూపాయల అద్దెకి ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. మామయ్యగారి మందులు, ఆడపడుచు పెళ్ళి అప్పు అన్నీ ఆ జీతంలోంచే. పిల్లకి పొట్టి అయిపోయిన బట్ట ఏదీ నేను పారేయలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఉతికి, గంజి లేకుండా ఎండేసి, మడతపెట్టి ట్రంకులో పెట్టేదాన్ని. గంజి ఉంటే పురుగు పడుతుంది. ఇది మా అత్తయ్యగారు చెప్పిన మాట. ఆవిడ చెప్పిన ఇంకో సంగతి, ఏటా ఒకసారి మడతలు మార్చాలని. ఒకే మడత మీద ఉంటే గుడ్డ అక్కడే చివుకుతుంది.

1996లో మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు పెట్టె దింపాను. కొన్ని పనికిరాలేదు. రబ్బరు షీటు ఒకదానికొకటి అతుక్కుపోయి, విప్పుతుంటే పెచ్చులుగా రాలింది. పాలసీసా పీకలు గట్టిపడ్డాయి, అవి పారేశాను. దోమతెర గొడుగుకి ఒక ఊచ విరిగింది. దానికి సైకిల్ షాపు అబ్బాయి చేత తీగ కట్టించాను. మూడు చక్రాల నడక బండి నిక్షేపంగా ఉంది, చక్రాలకి కొబ్బరి నూనె రాస్తే చాలు. మా తమ్ముడు విశాఖపట్నం వైపు వెళ్ళినప్పుడు తెచ్చిన ఏటికొప్పాక గిలక్కాయ ఉంది. అంకుడు కర్ర మీద లక్క పూసి చేస్తారు అవి. మా అమ్మాయి చిగుళ్ళతో కొరికి కొరికి ఒక పక్క మెరుపు పోయింది గానీ చప్పుడు అలాగే ఉంది.

ఆగస్టులో బాబు పుట్టాడు. పొత్తిగుడ్డలకి, టోపీకి ఏ ఇబ్బందీ లేదు. గౌన్ల దగ్గరే వచ్చింది ఆలోచన. అప్పుడే పుట్టినవాడికి గౌనైనా ఒకటే జుబ్బా అయినా ఒకటే అని నేను అనుకున్నాను, కానీ ఆయనకి కొంచెం మొహమాటంగా ఉందని గ్రహించాను. ఏమీ అనలేదు గానీ, స్నేహితులు వస్తున్నారంటే బాబు మీద తువ్వాలు కప్పేవారు. అందుకని గౌన్లని చొక్కాలు చెయ్యడం మొదలుపెట్టాను.

ఆ పని ఇప్పటికీ నా చేతులకి గుర్తుంది. గౌనుకి గుండీలు వెనక ఉంటాయి కదా. దాన్ని ముందు వెనక మార్చేస్తే గుండీలు ముందుకొస్తాయి. మెడ మాత్రం కొంచెం లోతుగా కత్తిరించాలి. నడుము దగ్గర కుచ్చులు బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పాలి. తొందరపడితే గుడ్డ తెగుతుంది. కుచ్చు విడిపోయాక దాని కింద ఉన్న గుడ్డ, ఉతుకులు తగలక, ఎండ తగలక, కొన్ననాటి రంగులో ఉండేది. పైనంతా వెలిసిన గులాబీ, ఆ ఒక్క వేలెడు పట్టీ నిండు గులాబీ. దాని మీద వరసగా సూది కన్నాలు. ఎంత ఇస్త్రీ చేసినా ఆ కన్నాలు పూడేవి కావు. విప్పిన కుచ్చు గుడ్డని పారేయకుండా జేబు చేసి అతికించేదాన్ని. అత్తయ్యగారి చేతి మిషను మీద, బాబు నిద్రపోయే గంటలో, అలా ఏడు గౌన్లు చొక్కాలయ్యాయి.

మా అమ్మాయికి అప్పుడు మూడున్నరేళ్ళు. అన్నీ దాని కళ్ళ ముందే జరిగేవి. మొదట్లో ఉయ్యాల తనదేనని ఎక్కి పడుకునేది, దిగమంటే ఏడ్చేది. ఒకరోజు అత్తయ్యగారు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇవన్నీ నీవేనమ్మా. నీ తమ్ముడికి ఏమీ లేవు, వట్టి చేతుల్తో వచ్చాడు. నువ్విస్తేనే వాడికి" అన్నారు. ఆ మాట దానికి బాగా పట్టింది. మర్నాటి నుంచి ట్రంకు పక్కన పీట వేసుకుని కూర్చునేది. నేను ఒక్కొక్కటీ పైకి తీసి చూపిస్తే, "ఇది ఇస్తాను", "ఇది రేపు ఇస్తాను" అని తీర్పులు. గిలక్కాయ ఇవ్వడానికి రెండు రోజులు పట్టింది. ఒకే ఒక్కటి మాత్రం ఇవ్వనంది. రాజమండ్రి తాడితోటలో మా ఆయన ఎనభై అయిదు రూపాయలు పెట్టి కొన్న పసుపు గౌను, బాతు బొమ్మలది. అది దానికి ఎప్పుడో పొట్టి అయిపోయింది. అయినా ఇవ్వనంది. నేను బలవంతం చెయ్యలేదు. దానిది అది.

బారసాల నాడు మా ఆయన మేనత్తగారు వచ్చారు. బాబు ఒంటి మీద గులాబీ చొక్కా, కాళ్ళకి వాళ్ళక్క మువ్వల పట్టీలు చూసి, "ఇదేమిటమ్మాయ్, ఒక్కగానొక్క మగపిల్లాడికి ఆడపిల్ల విడిచినవా? నాలుగు కొత్త చొక్కాలు కొనలేకపోయారా?" అన్నారు. ఆవిడ మంచి మనిషే, ప్రేమ కొద్దీ అన్న మాటే. కానీ నా పక్కనే నా కూతురు నిలబడి వింటోంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మగపిల్లల బట్టలు నా కూతురు మూడేళ్ళు తొడుక్కుంటే ముచ్చటగా ఉంది. నా కూతురి బట్టలు మగపిల్లాడు తొడుక్కుంటే తక్కువ అయిపోయింది. అప్పటిదాకా నేను డబ్బులు లేకే పాతవి వాడుతున్నానని అనుకున్నాను. ఆ క్షణం నుంచి, డబ్బులున్నా ఇవే తొడుగుతాను అనుకున్నాను.

నేను నోరు విప్పేలోపే అత్తయ్యగారు అందుకున్నారు. "వాళ్ళ నాన్న వాళ్ళన్నయ్య చొక్కాలు తొడుక్కుని పెరిగాడు కదా వదినా. వీడు వాళ్ళక్కవి తొడుక్కుంటున్నాడు. పట్టీలంటావా, కృష్ణుడి కాళ్ళకి గజ్జెలుండవూ?" మేనత్తగారు నవ్వేసి బాబుని ఎత్తుకున్నారు. ఆ రోజు మా అత్తయ్యగారు నాకు ఇచ్చింది ఏమిటో ఆవిడకి తెలుసో లేదో. నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

నవంబరు 6, బుధవారం. దీపావళి నాలుగు రోజుల్లో ఉంది. పొద్దుటి నుంచి ముసురు, సాయంత్రానికి గాలి. తుపాను అని రేడియోలో చెప్తూనే ఉన్నారు గానీ, ఎన్ని తుపాన్లు చూడలేదు అనుకున్నాం. చీకటి పడ్డాక గాలి చప్పుడు మారింది. ఈల లాగా మొదలై హోరుగా అయింది. ఇంటి కప్పు మీద పెంకులు ఒక్కొక్కటే లేస్తున్న చప్పుడు, దొడ్లో కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడు. వంటింటి పక్క పెంకులు వరసగా ఎగిరిపోగానే ఇంటివాళ్ళు తలుపు బాదారు, తమ డాబాలోకి వచ్చెయ్యమని. మామయ్యగారిని ఇంటాయన పట్టుకున్నారు. మా ఆయన బాబుని బొంతలో చుట్టి గుండెకి కట్టుకున్నారు. నేను అమ్మాయిని ఎత్తుకున్నాను. వాకిలి దాటితే పదడుగులు, అది దాటేసరికి ప్రాణం పోయినంత పనయింది. డాబాలో లాంతరు వెలుగులో చూస్తే అమ్మాయి చంకలో ముద్దగా ఏదో ఉంది. పసుపు గౌను.

తెల్లవారి చూస్తే ఊరు గుర్తుపట్టలేం. తలలు తెగిన కొబ్బరి చెట్లు, రోడ్డు మీద కరెంటు స్తంభాలు. కోనసీమలో లక్షల చెట్లు పడిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకి వెళ్ళిన వాళ్ళ కోసం ఇంటి ఆడవాళ్ళు ఎన్నాళ్ళు ఎదురుచూశారో తలచుకుంటే మా నష్టం గురించి మాట్లాడటానికి నోరు రాదు. మాకు పోయింది కప్పు, బియ్యం, పుస్తకాలు. ఉయ్యాల దూలానికి వేలాడుతూనే ఉంది, తొట్టి నిండా నీళ్ళు, పెంకు ముక్కలు.

ట్రంకు పెట్టె మూత వంగి లోపలికి నీళ్ళు వెళ్ళాయి. తీసి చూస్తే నా చేతులు ఆడలేదు. అడుగున అమ్మాయి మొదటి పుట్టినరోజు ఎర్ర నూలు పరికిణీ పెట్టాను. దాని రంగంతా దిగి, పైనున్న తెల్ల జుబ్బాలకి, పొత్తిగుడ్డలకి, లేసు టోపీకి పట్టేసింది. కొన్ని లేత గులాబీ, కొన్ని మరకలు మరకలుగా. బాబుకి మూడో నెల నిండలేదు, ఒంటి మీద ఉన్నది తప్ప పొడి బట్ట లేదు. షాపులన్నీ మూసేశారు, ఉన్నా కొనే డబ్బు కప్పుకి కావాలి.

అత్తయ్యగారు మాట్లాడకుండా ఆ బట్టలన్నీ పళ్ళెంలో వేసుకుని, పడిపోయిన కొబ్బరి చెట్టు మొదలు మీద కూర్చుని ఒక్కొక్కటీ పిండారు. కట్టడానికి తీగ లేదు. విరిగిన కమ్మల మీద ఆరేశారు. రెండో రోజుకి ఎండ వచ్చింది. పచ్చి కొబ్బరాకుల మీద, వరసగా, గులాబీ రంగు జుబ్బాలు. ఆ దృశ్యం నా కళ్ళల్లోంచి ఈ ముప్ఫై ఏళ్ళలో కదల్లేదు. ఉడకబెట్టినా, నిమ్మరసం వేసినా, నీలిమందు పెట్టినా ఆ రంగు పోలేదు. ఆ చలికాలమంతా మా అబ్బాయి గులాబీ రంగులోనే పెరిగాడు.

పాల ప్యాకెట్లు, బిస్కెట్లు పంచడానికి ఎవరో వచ్చారు. ఎవరో ఏమిటో గుర్తులేదు, పెద్దాయన. బాబుని చూసి, "పాపకి పాలు తీసుకోండమ్మా" అన్నారు. మా అమ్మాయి నా కొంగు వదిలి ముందుకొచ్చి, "పాప కాదు, తమ్ముడు. అవి నా జుబ్బాలు" అంది. ఆయన వంగి, "నువ్విచ్చావా తల్లీ?" అన్నారు. అవునని తల ఊపింది. ఆయన దానికి ఇంకో బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. నిజానికి అన్నాళ్ళకి ఆ రోజే నేను నవ్వాను.

తర్వాతి కథ మామూలే. నడక బండి వాడు విరగ్గొట్టాడు, మూడు చక్రాల్లో ఒకటి ఇప్పటికీ దొరకలేదు. మూడో ఏట వాడపల్లి వెంకన్నకి పుట్టు వెంట్రుకలు ఇచ్చే ముందు, మన ఇళ్ళల్లో అందరూ చేసేదే, జడ వేసి ఫోటో తీయించాం. అప్పుడు మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. మగపిల్లాడికి పరికిణీ కట్టి, పూలజడ వేసి, బొట్టు పెట్టి, అందరూ ముద్దులాడినవాళ్ళే. అలంకారమంతా చేసింది ఆరేళ్ళ అక్క. రంగు వెలిసిపోయిన ఆ ఎర్ర పరికిణీ పట్టుబట్టి వాడికి కట్టింది. ఫోటోలో వాడు కెమెరాకేసి కాకుండా పక్కకి చూస్తుంటాడు. ఆ పక్కన నిలబడి, కదలకురా అని వేలు చూపిస్తున్నది అదే.

ఇప్పుడు అమ్మాయి కెనడాలో ఉంటుంది. పెట్టె దింపిన సాయంత్రం వీడియో కాల్‌లో అన్నీ చూపించాను. నడక బండి చక్రం గురించి అడిగింది. అక్కడ పిల్లల్ని లోపల కూర్చోబెట్టే వాకర్లు అమ్మడం 2004 నుంచే నిషేధమట, మెట్ల మీంచి పడి దెబ్బలు తగులుతున్నాయని. మన చెక్క బండి వేరు, అది పిల్ల తనే పట్టుకుని నిలబడి తోసుకునేది. "వాడికి చెప్పమ్మా, వాకర్ కొనొద్దని" అంది. నేను చెప్పేలోపే అబ్బాయి తన లెక్క చెప్పాడు. కారు సీటు మాత్రం స్నేహితుడు వాడేసింది ఇస్తానన్నా తీసుకోలేదట. దానికి గడువు తేదీ ఉంటుంది, ఒకసారి ప్రమాదంలో ఉన్న సీటు బయటికి బాగానే కనిపించినా మళ్ళీ వాడకూడదు, ఆ సీటు చరిత్ర మనకి తెలియదు కదా అన్నాడు. వాడు చెప్పింది నాకు నచ్చింది. గుడ్డ పాతదైతే మెత్తనవుతుంది, ప్రాణం కాపాడాల్సిన వస్తువు పాతదైతే నమ్మలేం. ఉయ్యాలకి కూడా పాత గొలుసులు వద్దని కొత్తవి వేయించి, ఇనప స్టాండు చేయించి దాని మీద కడుతున్నాడు. గంటలు మాత్రం అవే.

గులాబీ జుబ్బాలు మూడు మిగిలాయి. కోడలిని అడిగాను, వద్దంటే ఏమీ అనుకోనమ్మా అని. తను ఒకటి తీసి చెంపకి ఆనించుకుని, "ఎంత మెత్తగా ఉందో అత్తయ్యా" అంది. పిల్లకి వేడినీళ్ళ స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, అది తొడిగింది. అక్క వేసుకుని, తమ్ముడు వేసుకుని, తమ్ముడి కూతురు వేసుకుంది. ఈసారి మాత్రం వీధిలో ఎవరూ అడగరు, గులాబీ రంగు ఎందుకని.

పెట్టె అడుగున, వేరే కాగితంలో చుట్టి, పసుపు గౌను ఉంది. ఆ వాన రాత్రి చంకలో ఉండబట్టి దానికి ఎరుపు అంటలేదు, ఇప్పటికీ పసుపే. ఫోన్‌లో చూపించగానే అవతల మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, బాతులు అన్నీ ఉన్నాయా?" అంది. పదకొండు, లెక్కపెట్టి చెప్పాను. "దాన్ని మేనకోడలికి ఇచ్చెయ్" అంది. "నిజంగా ఇస్తావా?" అన్నాను. "ఇస్తాను" అంది, అచ్చం పీట మీద కూర్చుని చెప్పినట్టే.

ఉతికాను. గుడ్డ బాగానే ఉంది, మడత దగ్గర ఒకచోట పలచబడితే లోపల నుంచి మల్లు పంచె ముక్క వేసి కుట్టాను. వెనక ప్రెస్ బటన్ చుట్టూ తుప్పు మరక ఒకటి ఉంది, పావలా కాసంత. నిమ్మచెక్క మీద ఉప్పు వేసి రుద్ది నిన్నంతా ఎండలో పెట్టాను. సగం పోయింది. ఇవాళ మబ్బుగా ఉంది, రేపు ఎండ వస్తే ఇంకోసారి పెడతాను.